ఆకు దూసిన చెట్టు

"ఈ చెట్టు ఏ ఏడు కాస్తే ఆ ఏడు పోదువుగానిలే" అంది షహర్బాను బీబీ.

నేల మీద పరిచిన భోజనాల గుడ్డ చుట్టూ కూర్చున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. బీబీ కొడుకు యూసుఫ్‌కి నవ్వుతో అన్నం పొలమారింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేపల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వంటమనిషి రాజ్యం కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వింది. నవ్వేశాక గానీ తన మనవి అక్కడితో కొట్టేశారని అర్థం కాలేదు. నాలుగేళ్ళయింది, ఒక్కసారి ఊరికెళ్ళి వస్తానని అడిగిందామె. ఆ మాట అడగడానికి నెల రోజులు ధైర్యం కూడగట్టుకుంది.

దుబాయ్‌కి అవతల, ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రానికి కాస్త ఇవతలగా ఉంటుంది ఆ ఇల్లు. ఆ ఇంటి పెరట్లో, వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది చెట్టు. ఆపిల్ చెట్టే గానీ కొరుక్కు తినే ఆపిల్ కాదు, మాంసం కూరలో పులుపుకి వేసుకునే రకం. సముద్రం అవతల ఇరాన్ కొండల్లో, బీబీ పుట్టిన ఊళ్ళో ఇంటింటికీ ఉండేదట. ఏడేళ్ళ కిందట బీబీ తమ్ముడు మొక్కని నెయ్యి డబ్బాలో పెట్టుకుని లాంచీ మీద తెచ్చిచ్చాడు. ఏడేళ్ళలో అది ప్రహరీ దాటి ఎదిగింది, గుబురుగా నీడ పట్టింది, ఒక్కటంటే ఒక్క పువ్వు పూయలేదు. ఆ ఇంట్లో జరగని పనికి అదే గుర్తు అయిపోయింది. మనవరాలు పిల్లిని తెచ్చుకుంటానంటే "చెట్టు కాసినప్పుడు" అనేవారు. పక్కింటావిడ పట్టుకెళ్ళిన ఇత్తడి బిందె ఎప్పుడిస్తుందంటే "చెట్టు కాసినప్పుడే" అనేవారు. ఇప్పుడు రాజ్యం ప్రయాణం కూడా వాటి పక్కన చేరింది.

బీబీ చెడ్డదైతే బాగుండేది. తిట్టి, కొట్టి, అరవై పనులు చెప్పే ఇల్లయితే ఎలాగోలా తెగించి బయటపడొచ్చు. ఈవిడ తాను కట్టుకునే రకం బట్టే రాజ్యానికీ తెస్తుంది. జ్వరమొస్తే తలగడ పక్కన కూర్చుంటుంది. పాస్‌పోర్టు మాత్రం తన ఇనప్పెట్టెలో, తాళం తన మెళ్ళో. రాజ్యం చేతి వంట తప్ప ఇంకొకరిది ముద్ద దిగదావిడకి. "నువ్వు పోతే నేనేం తినాలి?" అంటుంది పసిపిల్లలా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనుకునేది రాజ్యం, కానీ కోపం పూర్తిగా తెచ్చుకోవడం చేతనయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నం గిన్నెలు తోమేసి, తన గదిలో టేప్ రికార్డర్ పెట్టుకుంది. కడియం దగ్గర లంక ఊరి నుంచి అక్క వీరమ్మ పంపిన క్యాసెట్ అది. ఐదేళ్ళప్పుడు అక్క దగ్గర వదిలేసి వచ్చిన కూతురు మంగ గొంతు అందులో ఉంది. "దుబాయ్ అమ్మా, నేను బాగానే ఉన్నాను. నువ్వు పంపిన గౌను పొట్టి అయిపోయింది. అమ్మ అంచు విప్పి కుట్టింది. ఉంటాను దుబాయ్ అమ్మా."

గౌను అంచు విప్పి కుట్టిన అమ్మ వీరమ్మ. రాజ్యం దుబాయ్ అమ్మ. క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నా మాట మారలేదు.

*

జనవరిలో బీబీని కంటి ఆపరేషన్‌కి బొంబాయి తీసుకెళ్ళాడు యూసుఫ్. రెండు కళ్ళకీ శుక్లాలు. మూడు వారాలు పడుతుందన్నారు. కోడలు పిల్లల్ని తీసుకుని షార్జాలో పుట్టింటికి వెళ్ళింది.

బయల్దేరే ముందు బీబీ ఎప్పటిలాగే చెట్టు మొదట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నమాజుకి వజూ చేసుకుంది. రోజుకి ఐదు పూటలా అక్కడే. చేతులు, మొహం, పాదాలు కడిగిన నీళ్ళన్నీ చెట్టు మొదట్లోకే పోతాయి. అవి చాలవన్నట్టు చెంబులో మిగిలినవి కూడా వంచేస్తుంది. కనబడకపోయినా చెట్టుని తడుముతూ దానితో తన భాషలో ఏదో చెబుతుంది.

"నేను లేనని దీనికి తెలియకూడదు రాజీ. ఐదు పూటలా నువ్వు పొయ్యి" అంది వెళ్తూ వెళ్తూ. చిన్నప్పుడు బొంబాయిలో కొన్నాళ్ళున్న బీబీ హిందీ, ఇక్కడికొచ్చి నేర్చుకున్న రాజ్యం హిందీ, రెండూ కలిపినా ఒక హిందీ అయ్యేది కాదు గానీ పని జరిగిపోయేది.

సాయంత్రం చెంబు పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళింది రాజ్యం. నీళ్ళు పోయబోతూ మట్టిలో వేలు పెట్టి చూసింది. వేలు పూర్తిగా దిగింది. కింద చల్లగా, చిత్తడిగా ఉంది. పైకి చూస్తే అరచేయంత ఆకులు, నిగనిగలాడుతూ. నాలుగేళ్ళుగా కిటికీలోంచి రోజూ చూస్తున్న చెట్టే, ఇప్పుడు చూసినట్టయింది. మల్లెతోటలో పుట్టి పెరిగిన మనిషి తను. తోట ఇలా ఆకు మీద ఉంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. "దాహమంటే తెలీని చెట్టు పువ్వెందుకు పూత్తాదే?" అనేవాడు.

చెంబుడు నీళ్ళూ పుదీనా మడిలో పోసి, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తోటపనికి ఆశన్న వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరి రైతు. లేబర్ షెడ్‌లో ఉంటూ ఆ వీధిలో నాలుగిళ్ళ తోటలు చూస్తాడు. ఖర్జూరాలకి ఉప్పు బావి నీళ్ళు పెడతాడు, ఆపిల్ చెట్టుకి మాత్రం ట్యాంకర్‌లో వచ్చే తీపి నీళ్ళు. పైపు లాక్కుని అటు వెళ్తుంటే రాజ్యం అడ్డం వెళ్ళింది.

"అన్నయ్యా, ఈ చెట్టుకి నీళ్ళెట్టకండి."

"ఎందుకు?"

"ఎండగట్టాలండి."

"బీబీ నీకేం జెప్పి పోయింది? ఐదు పూటల పొయ్యుమన్నది గద. నువ్వు పొయ్యకపోంగ నన్ను గూడ బంద్ జెయ్యుమంటవ్?"

"మా కడియం కాడ మల్లెతోటలకి ఇలాగే చేత్తామండి. నీళ్ళాపేసి, మొదలు తవ్వి ఎండ తగలనిత్తాం. తర్వాత ఆకంతా దూసేత్తాం. మళ్ళీ ఎరువేసి నీళ్ళెడితే చిగురుతోపాటే మొగ్గొత్తది. లేపోతే ఆకు మీద ఆకేనండి, ఎన్నేళ్ళైనా."

"ఇది మల్లెచెట్టా చెల్లె?"

రాజ్యం ఆకు ఒకటి తిప్పి చూసింది. "చెట్టు చెట్టేగదండీ" అంది.

ఆశన్న పైపు కింద పడేసి, తలకు చుట్టిన గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. "పసుపు గూడ గంతే అనుకో. ఆకు ఎండితెనే కొమ్ము గట్టివడ్తది" అన్నాడు తనలో తాను. మళ్ళీ, "గని అర్బాబ్ యూసుఫ్ జూసిండంటే నన్ను ఖలాస్ జేస్తడు" అన్నాడు.

"నేనే చేశానని చెప్తాను."

"చెప్తవ్. అప్పటికి నేను ఇమానంల ఉంట."

అయినా పార తీశాడు. మొదలు చుట్టూ మూరెడు వెడల్పున తవ్వి, పైవేళ్ళు బయటపెట్టాడు. చేతికి మట్టి తగిలితే చాలు, రైతుకి ఉద్యోగం సంగతి మరుపొస్తుంది. పన్నెండు రోజులు చెట్టుకి చుక్క నీరు లేదు. రాత్రుళ్ళు చలి, పగలు పొడి ఎండ. ఆకులు మొదట వాలాయి, తర్వాత అంచులు ముడుచుకున్నాయి. పొద్దున్నే కిటికీ తీసి వాటిని చూసినప్పుడల్లా రాజ్యానికి చెంబు మీదికి చెయ్యి పోయేది. ఊరికెళ్ళాలన్న ఆశతో ఒకరి ప్రాణం తీస్తున్నానా అనిపించేది. మంగ గొంతు గుర్తు తెచ్చుకుని చెంబు బోర్లించేసేది.

పదమూడో రోజు నిచ్చెన వేసుకుని ఆకు దూశారు. ఆశన్న రెండు చేతులా కొమ్మ పట్టుకుని సర్రున కిందికి లాగబోయాడు.

"అయ్యో, అలా కాదండీ! పైనుంచి కిందకి లాగితే కణుపు కాడ చిగురొచ్చే కన్ను ఊడొచ్చేత్తది. మొదట్నించి కొసకి పోవాలి. ఇదిగో, ఇలా." ఎడం చేత్తో రెమ్మ మొదలు పట్టుకుని, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆకుని పైకి వంచి తీసింది. టిక్కుమంది. ఆకు వచ్చింది, కన్ను మిగిలింది. మళ్ళీ టిక్కు. వేళ్ళకి పని గుర్తుంది. చిన్నప్పుడు పొద్దున్నే మంచులో అక్కా తనూ చెరో సాలు పట్టుకుని, ఎవరు ముందు గట్టు చేరతారో పందెం వేసుకునేవారు.

"నువ్వు నా కంటె ముందుగల దుబాయ్ల మాలి పని జెయ్యాల్సి ఉండె" అన్నాడు ఆశన్న.

"ఆడోళ్ళకి వీసా ఇత్తారా ఏంటి దానికి?"

రెండు రోజులు పట్టింది. చివరికి చెట్టు ఎముకలు బయటపడ్డట్టు నిలబడింది. మేకల ఎరువు వేసి, మట్టి కప్పి, ట్యాంకర్ నీళ్ళు పాదు నిండా పెట్టారు. ఇంకో వారం రోజులు టైముంది, ఈలోగా చిగురు కనబడుతుంది అనుకుంది రాజ్యం. బీబీ మూడో రోజునే దిగింది.

*

కారు దిగుతూనే బీబీ అన్నీ చూస్తోంది. సోడాబుడ్డి కళ్ళద్దాల్లోంచి గోడ మీద బీటలు చూసింది. అప్పుడే షార్జా నుంచి వచ్చి దిగిన కోడలి మొహం పట్టుకుని, "నీకిక్కడ పుట్టుమచ్చ ఉందా?" అని అడిగింది. మనవల పేర్లు పెట్టి పిలిచి నవ్వింది. రాజ్యం చేతులు తిప్పి చూసి, కాలిన మచ్చలు లెక్కపెట్టి, "ఇన్ని నా కోసమేనా?" అంది. ఆ తర్వాత పెరటి తలుపు తోసుకుని వెళ్ళింది.

రాజ్యం వెనకే వెళ్ళి చూస్తే బీబీ నేల మీద కూర్చుని ఉంది. ముక్కాలిపీట పక్కనే ఉన్నా దాని మీద కూర్చోలేదు.

యూసుఫ్ అరుపులకి పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. ఆశన్నని కేకేసి పిలిచి, అరబ్బీలోనూ హిందీలోనూ కలిపి తిట్టాడు. "ఖలాస్! ఈ వారంలోనే నీ వీసా క్యాన్సిల్!" ఆశన్న తలగుడ్డ చేతిలో పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. నేరం తనది కాదని ఒక్క మాట అనలేదు. రాజ్యం వైపైనా చూడలేదు. అది చూడలేకపోయింది రాజ్యం.

"ఆయన కాదు. నేను. నేనే నీళ్ళాపాను, నేనే ఆకు దూశాను" అంది ముందుకొచ్చి.

బీబీ తలెత్తింది. "ఎందుకు?"

"కాయడానికి, బీబీ."

బీబీ ఆమెని చాలాసేపు చూసింది. కొత్త కళ్ళు కదా, రెప్ప వెయ్యకుండా చూసింది. "కాయడానికి కాదు. నువ్వు పోవడానికి" అంది.

రాజ్యం అబద్ధం చెప్పలేదు. "రెండూను" అంది. "ఒక్క నెల చూడండి. చిగురు రాకపోతే ఆయన్ని కాదు, నన్ను పంపించెయ్యండి."

యూసుఫ్ ఇంకా ఏదో అనబోతే బీబీ చెయ్యెత్తి ఆపింది. నెల రోజులు గడువు దొరికింది. దాంతోపాటే ఇంకోటి కూడా మొదలైంది. బీబీ ఆమె చేతి వంట ముట్టడం మానేసింది. రాజ్యం వండిన పళ్ళెం పెట్టినట్టే తిరిగొచ్చేది. కోడలిచ్చిన రొట్టె చాయ్‌లో ముంచుకుని తినేది. వజూ మాత్రం చెట్టు మొదట్లోనే, చెంబులో నీళ్ళు వంచడమూ మానలేదు. రాజ్యం వద్దనలేకపోయింది. ఎలాగూ ఇప్పుడు నీళ్ళు కావలసిన సమయమే.

"చెట్టు సచ్చినా నువ్వు ఊరికి పోతవ్, బతికినా పోతవ్" అన్నాడు ఆశన్న వెనక మెట్ల మీద చాయ్ తాగుతూ. "నడుమల బీపీ లేసి సచ్చేది నేనే."

రాజ్యం నవ్వలేదు. చెట్టు చచ్చి తను ఊరికెళ్తే ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? తిరిగొచ్చిన పళ్ళెంలో అన్నం తనే తినబోయి, మూత పెట్టేసేది. ఈ ముసలావిడ ఆకలితో ఉందన్నది తనకింత బాధ అవుతుందని అనుకోలేదామె.

పంతొమ్మిదో రోజు పొద్దున్న, పాల గిన్నె పొయ్యి మీద పెట్టి కిటికీ తీసిన రాజ్యానికి, బీబీ పెరట్లో కొమ్మ వంచి కళ్ళద్దాలకి ఆనించుకోవడం కనబడింది. వెళ్ళింది. ప్రతి కణుపు దగ్గరా జొన్నగింజంత ఎర్రటి మొటిమ. కొన్ని అప్పటికే విచ్చుకుంటున్నాయి, ఐదారు మొగ్గలు ఒక గుత్తిగా. ఎక్కడో ఒకచోట అప్పుడే ఒకటి పూసేసింది. తెల్లగా, అంచున గులాబి.

"ఇలాగే ఉంటుంది" అంది బీబీ. "మా ఇంట్లో ఇలాగే ఉండేది." ఆపరేషన్ చేసిన కళ్ళతో ఏడవకూడదని డాక్టరు చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం బీబీ రెండు పళ్ళేల అన్నం తింది.

*

పిందె పట్టాక ఆ ఇంట్లో చాలా చిక్కులొచ్చాయి. మనవరాలు పిల్లిని తెచ్చేసుకుంది. పక్కింటావిడ ఇత్తడి బిందె తనంతట తానే తెచ్చిచ్చి, చెట్టు చూసి వెళ్ళింది. యూసుఫ్ ఒకరోజు భోజనాల దగ్గర, "అయితే అమ్మా, రాజ్యానికి టికెట్ కొనాలన్నమాట" అన్నాడు వేళాకోళంగా. బీబీ చేపలో ముల్లు తీసుకుంటూ కూర్చుంది.

రాజ్యం రోజూ పొద్దున్నే లెక్కపెట్టేది. ఇరవై మూడు పిందెలు. గోలీలంత ఉన్నవి మార్చి నెలాఖరుకి చిన్న నిమ్మకాయలంత అయ్యాయి. అక్కకి క్యాసెట్ చేసింది. "ఎండాకాలం సెలవులకి వత్తానని మంగకి చెప్పు" అంది అందులో. పంపేశాక, తొందరపడ్డానేమో అనుకుంది.

ఆ తర్వాతి శనివారం లెక్కపెడితే పంతొమ్మిదే వచ్చాయి. ఆదివారానికి పదహారు. బుధవారానికి పది.

"పిట్టలు గావొచ్చు" అన్నాడు ఆశన్న. కొమ్మలకి పాత డబ్బా మూతలు కట్టాడు, గాలికి గలగలమంటాయని. మర్నాటికి ఏడు. "ఎలుకనా? గాలికి రాలుతున్నయా?"

"రాలితే కిందుండాలి కదండీ."

చెట్టు కింద నేల శుభ్రంగా ఉంది. పిట్ట కొరికి వదిలేసిన ముక్క లేదు, ఎలుక ఈడ్చిన జాడ లేదు. తొడిమలు చూసింది రాజ్యం. విరగలేదు, చిరగలేదు. ఎవరో నేర్పుగా, కణుపుకి దెబ్బ తగలకుండా, కాయని పైకి వంచి తీశారు. ఆ తీసే తీరు చూస్తే రాజ్యానికి ఒక అనుమానం వచ్చింది, కానీ అది తనకే నచ్చలేదు.

శనివారం తెల్లవారగానే పొయ్యి వెలిగించకుండా కిటికీ దగ్గర నిలబడింది. బీబీ నమాజు ముగించుకుని, తెల్లటి పూల దుప్పటి తలమీద నుంచి తీయకుండానే చెట్టు దగ్గరికొచ్చింది. ఒక చేత్తో కొమ్మ వంచింది. ఇంకో చేత్తో ఆకు తప్పించి, కాయని కింద నుంచి పట్టుకుని పైకి తిప్పింది. టిక్కుమంది. ఇంకొకటి. కింది కొమ్మల్లో ఇంకేమైనా ఉన్నాయా అని కళ్ళద్దాలు సర్దుకుని మరీ వెతికింది.

రాజ్యం తలుపు తీసుకుని వెళ్ళింది. బీబీ పిడికిలి దుప్పటి చాటుకి పోయింది. పట్టుబడ్డ పిల్లలు ఎక్కడైనా ఒకలాగే ఉంటారు.

"ఏడేళ్ళు ఏడ్చారు కదా బీబీ వీటి కోసం!" అంది రాజ్యం. "పంతొమ్మిది రోజులు నా చేతి అన్నం మానేశారు, చెట్టు చంపేశానని. ఇప్పుడు మీ చేతుల్తో మీరే?"

బీబీ పిడికిలి తెరిచింది. ఆకుపచ్చటి కాయలు ఆరు.

"కళ్ళు బాగా కనిపిస్తున్నాయి రాజీ. ఎంత ఆకు చాటునున్నా కనిపించేస్తున్నాయి" అంది. పిడికిలి మళ్ళీ మూసి, "ఈ చెట్టు లేకపోతే ఏడుస్తాను, అంతే. నువ్వు లేకపోతే నాకు ఆకలేస్తుంది" అంది.

బీబీ రాజ్యాన్ని తన గదిలోకి తీసుకెళ్ళి, మెళ్ళో తాళంతో ఇనప్పెట్టె తీసింది. బట్టల మడతల కింద, పాస్‌పోర్టుల పక్కన, తెల్లటి రుమాల్లో పదహారు కాయలు మూటగట్టి ఉన్నాయి. "పారెయ్యడానికి చేతులు రాలేదు" అంది బీబీ. ముందు కోసినవి ముడతలు పడుతున్నాయి.

రాజ్యం ఆ మూటా, బీబీ చేతిలోని కాయలూ లాక్కుని వంటింట్లోకి వచ్చింది. కత్తిపీట వాల్చి కూర్చుంది. ఒక్కో కాయనీ నాలుగు చెక్కలు చేసి, గింజల గూడు తీసి పక్కన పడేసింది. గింజలింకా తెల్లగానే ఉన్నాయి. కోపంగా ఉన్నప్పుడు ఆమెకి చెయ్యి వేగంగా ఆడుతుంది. సగం కోశాక, ఎందుకో ఒక చెక్క నోట్లో వేసుకుంది. దవడలు లాగేశాయి. పళ్ళు జివ్వుమన్నాయి. మామిడి టెంక కట్టకముందు, వేసవి మొదట్లో గాలికి రాలిన పుల్ల పిందెల రుచి అది. ఉప్పూ కారం అద్దుకుని, అక్కా తనూ తోట గట్టు మీద కూర్చుని కొరుక్కుని తిన్న పులుపు. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఎండు నిమ్మకాయల పులుపే తప్ప పచ్చి పులుపు ఎరగదు నాలిక. రాజ్యం కత్తిపీట మీద వంగి వెక్కి వెక్కి ఏడ్చింది. బీబీ మీద కోపమో, ఊరి మీద బెంగో, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు.

బీబీ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికొచ్చి చేతులు కడుక్కుంది. "సగం నాకివ్వు" అంది.

ఆవిడ పొయ్యి దగ్గరికి రావడం రాజ్యం ఎప్పుడూ చూడలేదు. ఒక పొయ్యి మీద బీబీ ఉల్లిపాయలు, మాంసం వేసి, పసుపు వేసి, నానిన శనగపప్పు వేసి మూత పెట్టింది. వేరే మూకుట్లో నెయ్యి పోసి, ఆపిల్ చెక్కల్ని చెదరకుండా ఎర్రగా వేయించి కూర మీద పేర్చింది. రెండో పొయ్యి మీద రాజ్యం కందిపప్పు ఉడికించి, చెక్కలు, పచ్చిమిరపకాయలు వేసింది. ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పడగానే ఇల్లంతా దగ్గింది. ఒకరి గరిటె ఒకరికి తగులుతున్నా ఇద్దరూ పని ఆపలేదు.

ఆశన్నకి వెనక మెట్ల మీద పళ్ళెం పెట్టింది. మొదటి ముద్దకే ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మామిడికాయ పప్పే చెల్లె. అచ్చం గదే" అన్నాడు. పళ్ళెం నాకినంత పని చేశాడు.

బీబీ తన కూర ఒక చెంచాతో రుచి చూసింది. ఇంకోసారి చూసింది. చెంచా పక్కన పెట్టేసింది.

"ఇది కాదు" అంది. "పచ్చిగా కొడుతోంది. మా అమ్మ ముదిరిన కాయలు వేసేది. చెట్టు మీద ఇంకా రెండు నెలలుండాలి." కూర గిన్నె వంక చూస్తూ కూర్చుంది. తన చేతుల్తో తానే చేసుకున్నది కదా, ఎవరిని అనాలి? చివరికి రాజ్యం పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని అన్నంలో కలుపుకుంది. కారానికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆపకుండా తినేసింది.

పళ్ళెం తీస్తూ రాజ్యం మెల్లగా అంది. "ఇంకొకటుంది బీబీ. చిటారు కొమ్మన. మీ చెయ్యి అందదు. కావాలంటే నిచ్చెనేసి నేనే కోసిచ్చేత్తాను. నేను ఎల్లను." ఆ మాట అంటున్నప్పుడు మంగకి పంపిన క్యాసెట్ గుర్తొచ్చింది. అయినా అనేసింది. ఆకలేస్తుందన్న మనిషిని వదిలి ఎలా వెళ్ళడం?

బీబీ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

*

సోమవారం పొద్దున్న రాజ్యం లేచేసరికి చెట్టుకి నిచ్చెన ఆనించి ఉంది. చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తింది. ఆశన్న నిచ్చెన దిగుతున్నాడు.

"కోసేశారా?"

"నేను గూడ గదే అనుకున్న. పొద్దుగాల్నే మనిషిని పంపి పిలిపిచ్చింది, నిచ్చెన తెమ్మన్నది. ఇగ ఖలాస్ అనుకుంట ఎక్కిన" అని ఆశన్న పైకి చూపించాడు. "పిట్ట ముట్టకుంట గట్టుమన్నది."

చిటారు కొమ్మన తెల్లటి చిన్న మూట. నమాజు దుప్పటి కొంగు చింపిన గుడ్డ అది, దాని మీది చిన్న పూలు కింద నుంచే తెలుస్తున్నాయి. గాలి తగిలేలా ముడి వదులుగా వేశాడు ఆశన్న.

బీబీ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. చెంబు పక్కనే ఉంది. "ఒక్క కాయ కాసినా కాసినట్టే" అంది రాజ్యం వైపు చూడకుండా. "యూసుఫ్‌కి చెప్పాను. జూన్‌లో నీ టికెట్. అది ముదిరాక నేను వండుకుంటాను. నువ్వుంటే వంకలు పెడతావు."

రాజ్యం పీట పక్కన నేల మీద కూర్చుంది.

"వచ్చే జనవరిలో నువ్వు రాకపోతే దీనికి ఆకు ఎవరు దూస్తారు?" అంది బీబీ. "వేళ్ళతో తీయడం వచ్చింది నాకు, కాయలు కోసి కోసి. ఇంకేమిటో చెప్పు."

రాజ్యం చెప్పింది. డిసెంబరు నుంచే నీళ్ళు తగ్గించాలంది. మొదలు తవ్వించాలంది. ఆకు వాలినా, ముడుచుకున్నా, జాలిపడి ఒక్క చెంబైనా పోయకూడదంది. బీబీ ఒక్కోదానికీ తల ఊపుతూ, వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంది. ఆఖరి మాట దగ్గర వేలు ఆగిపోయింది. పక్కనున్న చెంబు వంక చూసింది.

"మరి నా నీళ్ళు ఎక్కడ పొయ్యను?" అని అడిగింది.

రాజ్యం లేచి, బీబీ చెయ్యి పట్టుకుని లేపి, గోడ పక్కనున్న పుదీనా మడి దాకా నడిపించింది. ఇద్దరూ కలిసి చెంబు వంచారు.